చిన్న సుత్తె పట్టిన పెద్దమ్మ

పోయిన వారం పొద్దున్నే పినపాక నుంచి మా పెద్దమ్మ కొడుకు, అన్న, ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది చెల్లే. చాయ్ తాగింది, గ్లాసు కడిగి బోర్లించింది, గోడకు ఒరిగింది. గంతే," అన్నాడు. ఒక్క పూటైనా ఎవరి చేతా సేవ చేయించుకోకుండా వెళ్లిపోయింది మా పెద్దమ్మ. బస్సులో దారి పొడుగునా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను, కానీ ఆ ఏడుపు వెనకాల గర్వం కూడా పొంగుతూనే ఉంది. ఆమె గురించి నాలుగు మాటలు చెప్పాలంటే ఆ గర్వంతోనే చెప్పాలి.

మాది కమ్మరి ఇల్లు. కొలిమి మా పెదనాన్న నడిపేవాడు. ఆయన పీట మీద కూర్చుని, ఎర్రగా కాలిన ఇనుమును పట్టకారుతో దాగలి దిమ్మ మీద పెట్టి, రెండో చేత్తో చిన్న సుత్తె పట్టుకునేవాడు. ఎదురుగా నిలబడి పెద్దమ్మ సమ్మెట ఎత్తేది. చిన్న సుత్తె ఎక్కడ తాకితే సమ్మెట అక్కడే పడాలి. చిన్న సుత్తె ఉత్త దాగలి మీద టింగుమంటే ఆపాలి. ఇద్దరి మధ్య మాటలుండేవి కావు. దెబ్బ ఆమెది, పేరు ఆయనది. గొడ్డళ్లు పట్టుకొచ్చే కోయవాళ్లయినా, కొడవళ్లు తెచ్చే రైతులైనా "మేస్త్రీ" అని పిలిచింది ఆయన్నే. ఆమె మేస్త్రి పెండ్లాం.

అలాగని నోట్లో నాలుక లేని మనిషేమీ కాదు. పెళ్లికి పోతే పెళ్లికూతురి కంటే ముందు వంటల దగ్గరికి పోయేది. గరిటె చేతిలోకి తీసుకుని, "గిది ఎవడు కొట్టిండు? కాడ సన్నం, తలకాయ లావు. అచ్చం వండేటోని లెక్కనే ఉన్నది," అనేది వంటాయన ముందే. నా పెళ్లిలో ఆ మాటకు వంటాయన అలిగి పొయ్యి దగ్గర్నుంచి లేచి వెళ్లిపోయాడు. ఆయన్ను బతిమాలి తెచ్చేసరికి మా నాన్నకు తలప్రాణం తోకకొచ్చింది. ఆమె మాత్రం తాపీగా పప్పు కలుపుతూ కూర్చుంది.

పెదనాన్న పోయాక పీట వాళ్ల అబ్బాయికి, అంటే మా అన్నకు వచ్చింది. సమ్మెట మాత్రం పెద్దమ్మ వదల్లేదు. నేను శిల్పం చదువుకుని ఖమ్మంలో స్థిరపడ్డాను. అక్కడ ఒక కాలేజీ వాళ్లు తమ ఆవరణలో ఉక్కు శిల్పం కావాలన్నారు. దేవుడి బొమ్మో నాయకుడి బొమ్మో కాదు, ఇది ఫలానా అని వేలు పెట్టి చూపలేని ఆకారం. వెల్డింగుతో అతికించి చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం లేక, కొలిమిలోనే కాల్చి కొడదామని పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. సమ్మెట పట్టమని అడిగాను.

అంతా విని, "సమ్మెట మీరు పట్టుకోండ్రి. పీట మీద నేను కూసుంట," అంది.

అన్న బిత్తరపోయాడు. "పీట మీద ఆడోళ్లు కూసోరమ్మా. మన ఇండ్లల్ల గట్ల లేదు."

"సమ్మెటకు పనికొచ్చిన ఆడిది పీటకెందుకు పనికిరాదురా? ఇన్నేండ్లు ఇంకొకలు చూపిచ్చిన కాడ కొట్టిన. సచ్చేలోపల ఒక్కటన్న నేను చూపిచ్చి కొట్టియ్యాలె. చేతగాకుంటే మల్ల గీ కొలిమి దిక్కే చూడ."

ఆమెది పట్టిందే పట్టు. నేను గీసుకున్న బొమ్మలన్నీ మడిచి సంచిలో పెట్టేశాను. ఇక అది నా పని కాదు, ఆమె పంతం.

బొగ్గు లారీల కింద బరువు మోసే కమాన్ పట్టీలు, పాతవి, తెచ్చాం. దాగలికి దండం పెట్టి పీట మీద కూర్చుంది. నేనూ అన్నా సమ్మెటలు ఎత్తాం. ఆమె సుత్తె తాకిన చోటల్లా కొట్టుకుంటూ పోయాం. సాయంత్రానికి చూస్తే మా ముందున్నది మనిషంత కొడవలి! గొడ్డలి పదును పెట్టించుకోవడానికి వచ్చిన ఒకాయన దాన్ని చూసి, "దీంతోని అడవి మొత్తం ఒక్కపాలే కోస్తవా ఏంది?" అని పడీపడీ నవ్వాడు. మర్నాడు మళ్లీ మొదలుపెడితే నాగలి కర్రు తేలింది. ఆ తర్వాత పార. జీవితమంతా పనిముట్లే చేసిన చెయ్యి, మనసు వద్దన్నా అటే పోతోంది. పెద్దమ్మకు ఏడుపొక్కటే తక్కువ.

"ఏ పనికీ రానిది చెయ్యాలంటే నా చేతికి తెలుస్తలేదు బిడ్డా," అంది. అన్నం కూడా ముట్టలేదు. ఇక పీట మీంచి లేచి వెళ్లిపోతుందేమోనని నాకు భయమేసింది.

లేవడమైతే లేచింది. కానీ బయటికి పోలేదు. దాగలి ముందు నిలబడి, కళ్లు మూసుకుని, చేతిలో ఏమీ లేకుండానే సమ్మెట ఎత్తి దించినట్టు చేతులు తిప్పింది. మళ్లీ తిప్పింది. "సమ్మెట పోయే తొవ్వ ఎవరన్న చూసిన్రా? దెబ్బను చూస్తరు, ఇనుమును చూస్తరు. తొవ్వ నా భుజానికే తెలుసు. గది కొడదాం," అంది. ఆమె చెయ్యి కదిలిన దారినే అన్న ఇనుప తీగ వంచాడు. కింద లావుగా మొదలై, భుజం దగ్గర మెలి తిరిగి, పైన సన్నబడి, ఒక్కసారిగా కిందికి దూకే ఆకారం. అది కొడవలి కాదు, కర్రు కాదు. లోకంలో ఏ పనిముట్టూ కాదు.

ఆ తర్వాత ఆమెను పట్టలేకపోయాం. "కాలినప్పుడు కొట్టుండ్రి, సల్లారినంక ఆలోచించుండ్రి," అని మమ్మల్ని అదిలిస్తూనే ఉంది. చివరికి పై సగాన్నీ కింది సగాన్నీ కాల్చి అతకడం మిగిలింది. పట్టీల ఉక్కు మొండిది. తక్కువ కాలితే అతకదు, ఎక్కువ కాలితే మతాబులా చిటపటలాడి రాలిపోతుంది. రాలిందా, చేసిందంతా బూడిదలో పోసినట్టే. దూలానికి గొలుసులతో వేలాడదీసి రెండు కొసలూ నిప్పుల్లో పెట్టాం. ఎరుపు పసుపైంది, పసుపు తెలుపుకు తిరుగుతోంది.

"అమ్మా, ఇగ తియ్యాలె!" అన్నాడు అన్న.

"నోరు ముయ్యి. మేస్త్రిని నేను."

ఇంకొంచెం ఆగి, "ఊఁ" అంది. ఒకదాని మీద ఒకటి పెట్టాం. చిన్న సుత్తె తాకింది, సమ్మెటలు పడ్డాయి. ఆమె ఎక్కడ అంటే అక్కడ, ఎంత అంటే అంత. టింగ్! దాగలి మోగింది. ఆగిపోయాం. అతుకు ఎక్కడుందో వెతికినా దొరకలేదు. పెద్దమ్మ చీర కొంగుతో ముఖం తుడుచుకుని, ఈల వేసింది. మా ఇంటి ఆడవాళ్లలో ఎవరికైనా ఈల వేయడం వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

కాలేజీలో దాన్ని నిలబెట్టిన రోజు ఆమెను కూడా తీసుకెళ్లాను. వాచ్‌మన్ చుట్టూ తిరిగి చూసి, "దేనికి పనికొస్తదమ్మా ఇది?" అని అడిగాడు.

"దేనికీ పనికిరాదు. నేను చేసిన," అంది తలెత్తి. ఆమె ముఖంలో అంతటి వెలుగు నేను మళ్లీ చూడలేదు. ఊరికి తిరిగొచ్చాక కూడా ఆమె ఆ పీట దిగలేదు. అన్నే సమ్మెట పట్టాడు, సంతోషంగానే.

మా ఇళ్లలో ఒక ఆచారం ఉంది. పీట మీద కూర్చునే మేస్త్రి పోతే, దినాలయ్యేదాకా కొలిమి ముట్టించరు. సమ్మెట పట్టిన ఆడవాళ్లు పోతే మాత్రం మర్నాడే పని మొదలవుతుంది. మా నానమ్మకు అలాగే జరిగింది. పెద్దమ్మ దహనమైన మర్నాడు అన్న కొలిమి ముందు ఎటూ తేల్చుకోలేక నిలబడి ఉండగా, అడవి ఊరి నుంచి ఒక ముసలాయన రెండు గొడ్డళ్లతో వచ్చాడు. విషయం తెలిసి తలపాగా తీశాడు.

"మేస్త్రి పోయినంక కొలిమి ఎట్ల ముట్టిస్తవు కొడుకా? దినాలైనంక వస్త," అన్నాడు.

గొడ్డళ్లు గోడకు ఆనించి వెళ్లిపోయాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లూ అదే చేశారు. పొద్దుగూకే వేళకు చల్లారిన కొలిమి పక్కన గోడ పొడుగునా మొద్దుబారిన గొడ్డళ్లు, కొడవళ్లు, పారలు. వాటిలో ఒక్కదాన్నీ ఎవరూ ఇంకో ఊరి కొలిమికి పట్టుకుపోలేదు.