ఇతర అభ్యంతరాలు లేవు

నేను ఆ వారం చర్చ మినిట్స్ చదవడం పూర్తిచేశాను. ఆ అమ్మాయి లేచి వచ్చి, నా చేతిలోని నోటుపుస్తకం తీసుకుని, ఆ పేజీ చింపేసింది. తొందరపడలేదు. కుట్టు దగ్గర మడిచి, గోటితో గీసి, జాగ్రత్తగా చింపింది. మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

"నేను మాట్లాడింది ఇందుల లేదు సార్. ఇగ ఇది మీకెందుకు?" అంది. చెప్పులేసుకుని మెట్లు దిగిపోయింది.

ఇన్నేళ్లయినా ఆ ఉదయం తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆమె మీద కాదు.

అవి తొంభైల చివరి సంవత్సరాలు. హైదరాబాదు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీల గుండ్రటి మేడ కొత్తగా లేచి, అద్దాల మీద సిమెంటు మరకలు ఇంకా పోని రోజులు. అక్కడికి దగ్గర్లోనే కిరాయికి ఉంటున్న ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల గదిలో, ఆదివారం పొద్దున, ఆరుగురం చేరి పుస్తకాల గురించి మాట్లాడుకునేవాళ్లం. రిటైరైన ఇంగ్లిష్ లెక్చరర్ ఒకాయన మాకు పెద్దదిక్కు. పత్రిక డెస్కులో పనిచేసేవాణ్ణి కనుక మినిట్స్ రాసే పని నాకు పడింది. రాసింది చివర్లో పైకి చదవాలి, అందరూ సంతకాలు పెట్టాలి. "ఇతర అభ్యంతరాలు లేవు" అన్నది ప్రతి వారం మా ముగింపు వాక్యం. లెక్చరర్ గారు కాలేజీ సమావేశాల నుంచి తెచ్చుకున్న అలవాటు అది.

ఆ నెల మేం చదువుతున్నది ఎదిగే పిల్లల కోసం రాసిన ఒక ఇంగ్లిష్ నవల. రాబోయే కాలంలో ఒక నగరం, చుట్టూ గాజుగోడ. పదహారేళ్లు నిండగానే పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరు బతుకంతా ఏ పని చెయ్యాలో నగరమే తేలుస్తుంది. ఒకమ్మాయి ఎదురుతిరుగుతుంది. ఉన్నది ఒక్కటే ప్రతి, అందుకని అందరికీ జెరాక్సులు తీయించేవాళ్లం. ఆ జెరాక్స్ షాపులో కాగితాలు చూసి, అడిగి మరీ మాతో చేరింది, పేజీ చింపిన ఆ అమ్మాయి. మాదాపూర్ ఊళ్లోనే పుట్టి పెరిగింది, ఇంటర్ చదువుతోంది. డిక్షనరీ పక్కన పెట్టుకుని, మేం దాటేసిన పేజీలు కూడా చదివి వచ్చేది.

ఆ రోజు గంటసేపు ఆ పరీక్ష న్యాయమా కాదా అనే వాదించుకున్నాం. "మా క్యాంపస్ సెలక్షన్ కంటే నయమేనండీ, ఇక్కడ అందరికీ ఉద్యోగం గ్యారంటీ" అన్నాడు ఒక ఇంజనీరు. నవ్వాం. అప్పుడు ఆమె నోరు విప్పింది.

"గోడ కట్టకముందు గా జాగ ఎవలది?"

"ఖాళీ నేల అని మొదటి చాప్టర్లోనే ఉంది కదమ్మా" అన్నారు లెక్చరర్ గారు.

"మాది గూడ ఖాళీ నేల అనే రాసిన్రు సార్. జొన్నచేను ఉండె. రోడ్డుకు తీస్కునేటప్పుడు ఊళ్లె మీటింగ్ పెట్టిన్రు. మా నాయనమ్మ లేచి ఎంతసేపు మాట్లాడిందో! తిట్టింది గూడ. కాయితంల మాత్రం అభ్యంతరాలు లేవని రాసుకపోయిన్రు. గీ పుస్తకం రాసినాయనకు పిల్ల బాధ కనబడ్డది గని, గోడ కింద ఏమున్నదో కనబడలే."

"మీ నాయనమ్మగారు ఎలక్షన్లో నిలబడాల్సిందండీ" అన్నాడు రెండో ఇంజనీరు. మళ్లీ నవ్వులు. నేనూ నవ్వాను.

"నవల్లోనే ఉందామమ్మా, సొంత విషయాలు వద్దు" అన్నారు లెక్చరర్ గారు.

"నేను నవలల్నే ఉన్న సార్. ఎలక్షన్ల మాట తెచ్చింది గా సారు." తర్వాత నావైపు తిరిగింది. "నేనన్నది అన్నట్టే రాయుండ్రి సార్. ఇంటికి పోయి మా నాయనమ్మకు చదివి వినిపిస్త. మన మాట ఒక్కకాడన్న రాసుకున్నరని చెప్త."

రాస్తానమ్మా అన్నాను.

ఏళ్ల తరబడి ఊళ్ల నుంచి వచ్చే వార్తలు కుదించిన చెయ్యి నాది. మనిషి పేజీడు మాట్లాడితే రెండు ముక్కల్లో తేల్చడమే నా ఉద్యోగం. ఆ చెయ్యి తనకు తెలిసిన పనే చేసింది. "పరీక్షా విధానంపై సభ్యులు లోతుగా చర్చించారు. నవలలోని స్థలం గురించి ఒక సభ్యురాలు సందేహం వెలిబుచ్చగా లెక్చరర్ గారు నివృత్తి చేశారు. ఇతర అభ్యంతరాలు లేవు." తడబాటు లేకుండా, వార్తలు చదివే గొంతుతో, ఆమె ముందే చదివాను.

ఆమె మెట్లు దిగాక, "ఇంత చిన్నదానికి అంత కోపమేంటండీ" అన్నాడు ఒకడు. ఇంకొకడు టీ పోశాడు. వెనక నుంచి పిలుద్దామని ఒక్కరికీ తోచలేదు. "మళ్లీ రాసెయ్యండి, సంతకాలు పెట్టేస్తాం" అన్నారు లెక్చరర్ గారు.

రాశాను. అప్పుడైనా ఆమె మాటలు రాయొచ్చు. చెవిలో ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి. నేను మాత్రం ఆ మూడు వాక్యాలే అక్షరం పొల్లుపోకుండా మళ్లీ రాశాను. ఆరుగురం సంతకాలు పెట్టాం. గాజుగోడ నగరం న్యాయాన్యాయాల గురించి గంటసేపు గొంతు చించుకున్నదీ మేమే.

ఆ అమ్మాయి మళ్లీ రాలేదు. ఆ నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. తర్వాత ఆ చుట్టుపక్కల రోడ్లన్నింటి మీదా కొన్ని వందలసార్లు తిరిగి ఉంటాను. ఆ జొన్నచేను వాటిలో ఏ రోడ్డు కింద ఉందో ఆ రోజు నేను అడగలేదు. ఇప్పటికీ నాకు తెలియదు.