బొమ్మ భుజం

పుత్తూరులో నా విరిగిన భుజానికి కట్టు కట్టిన పెద్దాయన ఎవరొచ్చినా ముందు బొటనవేలితో నొప్పి ఉన్నచోట ఒత్తి, "చెయ్యి సూడాల, మొగం కాదు" అనేవాడు. తీరిక దొరికితే ఫోన్‌లో బేస్‌బాల్ జట్టును నడిపే ఆట ఆడేవాడు. గ్రంథాలయంలో పుస్తకం చదివి బేస్‌బాల్ నియమాలు నేర్చినవాణ్ణి కనుక కట్టు మార్పించుకోవడానికి వెళ్ళినప్పుడల్లా సలహాలిచ్చేవాణ్ణి. మధ్యమధ్య "కట్టు తొందరగా విప్పు" అని పోరేవాణ్ణి కూడా.

మొదట బంతి విసిరేవాడు అలిసిపోతే బదులు మరొకడు దిగుతాడు. ఆ బదులువాణ్ణి వరుసగా ఎన్ని రోజులు దింపవచ్చో ఫోన్ ఆటలో ముందే నిర్ణయించి పెట్టాలి. పెద్దాయన రెండు రోజులని పెట్టాడు.

ఆ రోజు ఆఖరి మ్యాచ్. ఓడితే జట్టు కింది లీగుకు పడిపోతుంది. ఒక్క పరుగు ఆధిక్యం, ఇంకొక్కణ్ణి ఔట్ చేస్తే చాలు. అవతలివాడొకడు బేస్ మీద కాచుకుని ఉన్నాడు. బదులు దిగేవాళ్ళలో మా మేటివాడు అప్పటికే వరుసగా రెండు రోజులు విసిరాడు.

"ఈ ఒక్క దినం మూడని మార్చు పెద్దాయనా!"

ఆయన తెరమీది బొమ్మ భుజానికి బొటనవేలు ఆనించి కాసేపు చూశాడు.

"చెయ్యి అలిసిపోయుండాది" అని కొత్తవాణ్ణి దింపాడు.

మొదటి బంతే కంచె దాటింది. కొట్టినవాడికీ బేస్ మీదివాడికీ కలిపి రెండు పరుగులు. ఓడిపోయాం.

"బొమ్మకు నొప్పేముంటాది? నువ్వే ఓడగొట్టినావు!" అన్నాను.

ఆయన ఫోన్ పక్కన పెట్టి, కట్టు మీదుగానే నా భుజం ఒత్తాడు. కెవ్వుమన్నాను.

"రేపే విప్పమంటివి కదప్పా. విప్పేదా?"

పై వారం ఆ జట్టు కింది లీగులో ఆడింది. ఎవరిని దింపాలో నేను చెప్పలేదు.