కాలర్ మీద పసుపు

నిన్న మా అమ్మాయి కొత్త స్కూలు చొక్కా కవరు విప్పగానే, ఆ కొత్త గుడ్డ వాసనకు నా పదకొండో ఏడు గుర్తొచ్చింది. బర్మింగ్‌హామ్‌లో సెకండరీ స్కూలు మొదలయ్యే రోజది. అంతమంది పెద్దపిల్లల మధ్య నాకు తెలిసినవాడు డానియల్ ఒక్కడే. మా ఇద్దరినీ వేరే క్లాసుల్లో వేస్తారేమోనన్న దిగులుతో నాకు ఇడ్లీ సయించలేదు. అంటే, మూడోసారి పెట్టించుకోలేదు.

అమ్మ కొత్త చొక్కాకు పసుపు పెట్టింది, అదీ కాలర్ కొసన!

“అమ్మా, అందరూ నవ్వుతారే! కింద అంచుకు పెట్టొచ్చుగా?”

“నువ్వు టక్ చేస్తే దేవుడికెలా కనపడుతుందిరా?”

గేటు దగ్గర ఒక టీచర్, ఎవరు ఏ క్లాసో తెలిసేలా పిల్లల కాలర్లకు రంగు చుక్కల స్టిక్కర్లు అంటిస్తోంది. డానియల్‌కు పసుపు చుక్క పడింది. నా వంతు రాగానే ఆవిడ నా కాలర్ చూసి, “ఓ, ఎల్లోనా! గో ఆన్, లవ్,” అంటూ ముద్దుగా డానియల్ వెనకే పంపేసింది.

సాయంత్రం చెబితే అమ్మ, “మరి ఊరికే పెడతానా?” అంది. ముందే హెడ్‌టీచర్‌తో మాట్లాడేసిందని చాలాకాలం నమ్మాను. పదహారేళ్ళకే నేను చదువును వదిలేశాను గానీ, ఆ మరక మాత్రం చొక్కాను వదల్లేదు.

ఆ పొద్దున నాకంటే ఎక్కువ భయపడింది అమ్మేనని, నిన్న పసుపులో వేలు ముంచాక తెలిసింది. ఈ కథ ఎన్నోసార్లు విన్న మా అమ్మాయి అరిచింది:

“డాడీ, ఆగు! నా ఫ్రెండ్స్ అందరూ రెడ్ హౌస్!”

పసుపు పక్కన పెట్టి, కుంకుమ భరిణె తీశాను.