సంపూర్ణమ్మ రొయ్యల పచ్చడి

డెబ్బై నాలుగులో గుణదలలో సంపూర్ణమ్మ ఉండే వీధిలో పొరుగింటి గిన్నెను ఎవరూ ఖాళీగా తిరిగి పంపేవారు కాదు. ఎంత లేనివాళ్ళైనా రెండు వంకాయలో, చారెడు చింతపండో వేసి పంపేవారు. ఆ మనుషుల్ని తలుచుకుంటే ఆవిడకు ఇప్పటికీ కళ్ళు చెమ్మగిల్లుతాయి. కానీ ఆ మర్యాదే ఒకసారి ఆవిడను నిలువునా ముంచబోయింది.

సంపూర్ణమ్మ సిస్టర్లు నడిపే హాస్టల్లో వంటమనిషి. పదకొండేళ్ళుగా చేస్తున్న ఆ పని మానేసి, రొయ్యల పచ్చడి పట్టి అమ్ముకోవాలని ఆవిడ ఆశ. ముందు జనానికి నచ్చుతుందో లేదో చూద్దామని వీధిలో ఇరవై ఇళ్ళకు రుచి చూపించింది. గిన్నెలన్నీ నిండుగా తిరిగొచ్చాయి.

"అమృతమే వదినా! చేతులు నాక్కున్నామనుకో," అంది ఎదురింటి హైమవతి, గిన్నెలో బెల్లం ముక్క పెట్టి ఇస్తూ.

ఇంకేముంది, సంపూర్ణమ్మ గాల్లో తేలిపోయింది. ఒకటో తారీఖు నుంచి పనికి రానని సిస్టరుగారితో చెప్పేద్దామనుకుంది. ఆవిడ భర్త అంతోని లారీ ఆఫీసులో గుమాస్తా. ఆ మనిషి నోట్లోంచి మాట రావడమే గగనం.

"ఊరికే పెడితే ఎవరైనా బాగుందనే అంటారే. ధర చెప్పి చూడు," అన్నాడు.

ఆవిడకు ఒళ్ళు మండింది. అయినా మర్నాడు సీసాలు బుట్టలో పెట్టుకుని అవే గుమ్మాలెక్కింది. అర కిలో ఐదు రూపాయలు అనగానే హైమవతి పైట సర్దుకుంది.

"మా అత్తగారు ఇంట్లోనే పచ్చడి పడతారు వదినా."

ఇరవై ఇళ్ళలోనూ అదే మాట. సంపూర్ణమ్మ ఇంటికొచ్చి వెక్కివెక్కి ఏడ్చింది. వాళ్ళ తప్పేముంది పాపం, పచ్చడి పట్టడం రాని ఇల్లు ఆ వీధిలో ఉంటేగా!

మరి ఇంట్లో పట్టేవాళ్ళు లేనిది ఎవరికి? ఆ ఆదివారం హాస్టల్లో మధ్యాహ్నం వంట ముగించుకుని, గవర్నరుపేటలో బ్రహ్మచారులుండే ఒక లాడ్జీకి వెళ్ళింది. కూచిపూడి వైపు నుంచి వచ్చి బ్యాంకులో పనిచేస్తున్న సంజీవరావు అనే కుర్రాడు కాస్త నాలిక మీద వేసుకుని మొహం చిట్లించాడు.

"ఉప్పు ఎక్కువైందండీ."

ఆవిడ సీసా మూత బిగించబోతుంటే అతను జేబు తడుముకున్నాడు.

"పై వారం తగ్గించి తీసుకురండి. ఇప్పటికి ఇది ఇచ్చెయ్యండి."

ఉప్పు తగ్గించాక నాలుగు ఆదివారాలు ఒక్క సీసా కూడా మిగల్లేదు. అప్పుడు గానీ ఆవిడ హాస్టల్లో పని మానలేదు. ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ మొగుణ్ణి నిలదీసింది.

"ఏమయ్యా, పదిహేనేళ్ళుగా తింటున్నావు. ఉప్పెక్కువని ఒక్కనాడూ చెప్పలేదేం?"

అంతోని తలెత్తకుండా ముద్ద కలుపుకున్నాడు.

"నాకెప్పుడు అమ్మావే?"