కొంగ తాగిన వలిసె నూనె

అనంతగిరి దాటి అరకు వైపు పోయే రోడ్డు మీద రెండు మలుపులు తిరిగాక, పనస చెట్టు కింద ఒక రేకుల షెడ్డు కనిపిస్తుంది. దానికి తలుపు లేదు, పేరు రాసిన బోర్డూ లేదు. కొమ్మకు వేలాడే పాత టైరే బోర్డు. అది గాసి సైకిలు షాపు. "గాసి సెయ్యేత్తే ఇనుము మాటింటాది" అని చుట్టుపక్కల గూడేల్లో చెప్పుకుంటారు. ఆ మాటను అందరికంటే గట్టిగా నమ్మినవాడు గాసే.

పద్దెనిమిదో ఏట గాసి కొండ దిగి శృంగవరపుకోటలో వరహాలరావు మేస్త్రీ దగ్గర పనికి కుదిరాడు. మేస్త్రీ నోరు చెడ్డది, చెయ్యి మంచిది. నాలుగేళ్ళు ఆ తిట్లు తిని, ఆ పని నేర్చుకుని, ఒక గాలి పంపు, నాలుగు పానాలు పట్టుకుని తిరిగి కొండెక్కాడు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళలో అతను సరిచెయ్యని రిమ్ము లేదు, అతకని ట్యూబు లేదు. ఇంతలో మోటారు బళ్ళు వచ్చాయి. సైకిళ్ళు పశువుల పాకల్లో చూరుకెక్కి కోళ్ళకు పడకలయ్యాయి. గాసి బళ్ళ పంచర్లు వేసుకుంటూ బతికాడు. పొట్ట గడిచేది, పొద్దు గడిచేది కాదు.

అలాంటి రోజుల్లో విశాఖపట్నం నుంచి ఒక సంస్థ వాళ్ళు వచ్చి, కొండ గూడేలు తిరిగే ఆరుగురు ఆశా కార్యకర్తలకు ఆరు గేరు సైకిళ్ళు ఇచ్చారు. ఏడాది చూస్తాం, నిలబడితే ఇంకా ఇస్తాం, లేకపోతే తీసుకుపోతాం అన్నారు. వాటిని చూసుకునే పని గాసికి అప్పజెప్పారు. యాభై రెండో ఏట గాసికి మళ్ళీ మీసం మొలిచినట్టయింది.

ఆ సైకిళ్ళ వెనక చక్రానికి పళ్ళున్న బిళ్ళలు ఏడు పక్కపక్కన ఉంటాయి. వాటి కింద చిన్న చెయ్యి లాంటిదొకటి వేలాడుతుంది. హ్యాండిల్ దగ్గర మీట నొక్కితే ఆ చెయ్యి పక్కకు జరిగి గొలుసును ఒక బిళ్ళ మీంచి ఇంకో బిళ్ళ మీదికి మారుస్తుంది. పెద్ద బిళ్ళ మీద పడిందంటే ఎంత ఎత్తయినా దిగకుండా ఎక్కొచ్చు. దాని పేరు డీరైలర్ అని సంస్థ ఇంజనీరు దేవీప్రసాద్ రెండుసార్లు విడమరిచి చెప్పాడు. ఆరుగురిలో నోరున్న మనిషి కనక దాన్ని వంగి చూసి, "ఇదేటి మావా, కొంగ మెడ దించి సేపలేరినట్టుంది!" అంది. అంతే, అందరికీ అది కొంగయిపోయింది. నెల తిరిగేసరికి ఇంజనీరు నోటా అదే మాట.

కనక తిరగాల్సిన గూడేల్లో పై గూడెం దూరం. నడిస్తే మూడు గంటలు. ఆటో సంత రోజునే పోతుంది, అదీ సగం దాకా. కొంగ పుణ్యమా అని గంటలో చేరేది. వానాకాలం మొదట్లో అక్కడ సోని అనే చిన్నదానికి నెలలు నిండకుండానే బిడ్డ పుట్టింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చినప్పుడు రెండు కిలోలకు కాస్త తక్కువ. వారానికి రెండుసార్లు తూచి చూడమని డాక్టరమ్మ చెప్పింది. కనక మెడలో సంచీ, సంచీలో కాటా వేసుకుని, గేరు మార్చుకుంటూ ఎక్కేది. బిడ్డ తూకం కొద్ది కొద్దిగా పెరుగుతూ వచ్చింది.

సరిగ్గా అప్పుడే కొంగలు జబ్బుపడ్డాయి.

ముందు గేరు మారడం ఆలస్యమైంది. తర్వాత ఎత్తు మీద గొలుసు టకటకమని జారడం మొదలైంది. ఒకరోజు కనక సైకిలు సగం దారిలో మొరాయిస్తే, దాన్ని పొదలో పడేసి నడిచిపోయి బిడ్డను తూచి వచ్చింది. వరసగా అయిదు సైకిళ్ళు షెడ్డు ముందు చేరాయి. గాసి బిగించాడు, వదులు చేశాడు, తీగ మార్చాడు, ఒకటికి రెండుసార్లు నూనె పోశాడు. రెండు రోజులు బాగుండి మళ్ళీ మొదటికి వచ్చేవి. దేవీప్రసాద్ ఫోను చేసి, "వచ్చే సంత రోజున బండి తెస్తాను. సైకిళ్ళు కింద ఊళ్ళవాళ్ళకి ఇచ్చేద్దామంటున్నారు" అని చెప్పాడు.

కనక ఆ మాట విని షెడ్డు ముందు కూలబడింది.

"ఆ గుంటడు ఇంకా మూడు కిలోలైనా అవనేదు మావా. నడిసి వారానికి ఒక్కసారి ఎల్తానేమో, రెండోసారి నా కాళ్ళు రావు. నీ సెయ్యి పడితే ఇనుము మాటింటాదంటారు కదా, ఇప్పుడేటయింది నీ సెయ్యికి?"

గాసికి తల కొట్టేసినట్టయింది. "ఈ కొంగలు నాసిరకం సామాను. నానేటి సేస్తాను?" అన్నాడు. అన్నాడే గానీ ఆ రోజు అన్నం సయించలేదు. మర్నాడు పొద్దున్నే అయిదు కొంగలనూ ఊడదీసి గోనె మీద పరిచాడు.

కొంగ చేతిలో రెండు చిన్న ప్లాస్టిక్ చక్రాలుంటాయి. గొలుసు వాటి మధ్య నుంచే తిరుగుతుంది. వాటి పళ్ళు కొత్తలో దిట్టంగా ఉండేవి, ఇప్పుడు రేగుముళ్ళలా సన్నబడి మొనదేలాయి. చెయ్యి మడిచే కీళ్ళు కదలడానికి ఏడుస్తున్నాయి. కీళ్ళ చుట్టూ ఎర్రటి పెచ్చు. గోటితో గీకితే రాలేదు, చాకుతో గీకితే వచ్చింది. మట్టే అనుకున్నాడు గాసి. కానీ మట్టయితే తడిపితే కరగాలి.

ఆరో సైకిలు ప్రసన్నది. అది ఒక్కసారి కూడా షాపుకు రాలేదు. ప్రసన్న తిరిగేదీ ఆ బురదలోనే, ఎక్కేదీ ఆ ఎత్తులే. గాసి ఆమె ఇంటికి పోయి వాకిట్లో సైకిలును తలకిందులు చేసి చూశాడు. చక్రాల పళ్ళు దిట్టంగా ఉన్నాయి. మీట నొక్కితే కొంగ పిలిస్తే పలికినట్టు కదిలింది.

"దీనికేటి పోత్తన్నావమ్మా?"

ప్రసన్న తల దించుకుంది. ఆమె తీరిక వేళల్లో జాకెట్లు కుట్టే మనిషి. "కోపగించుకోకు గాసన్నా. నువ్వు సెప్పినట్టు వలిసె నూనె పొయ్యనేదు. మా ఇంట్లో కూరకే సాలదు. ఏటిలో కడిగి, పాతగుడ్డతో తుడిసి, కుట్టుమిసను నూనె రెండు సుక్కలేసేదాన్ని. నీకు సెబితే తిడతావని సెప్పనేదు."

గాసి సైకిలును తిరిగి నిలబెట్టి ఇంటిదారి పట్టాడు.

కొండ పొలాల్లో పండే వలిసె గింజల నూనె అది, ఆ సలహా అతనిదే. ఆరుగురినీ మొదటి రోజు వరసగా నిలబెట్టి, "ఇనుముకి నూనె తాగించాల, రోజూ తాగించాల" అని పాఠం చెప్పింది తనే. అది అతని తండ్రి మాట. చైత్రంలో ఊరంతా వేటకు పోయే ఇటుకల పండుగకు ముందు తండ్రి ఇంట్లో ఇనుమంతా బయటికి తీసి, గొడ్డళ్ళకూ నాగలి కర్రులకూ బల్లేలకూ వలిసె నూనె దట్టించేవాడు. వలిసె నూనె ఆరి పొరకడితే తుప్పు దగ్గరికి రాదు. అది గొడ్డలికి మంచిది. పాత సైకిలు గొలుసు మొద్దుది, ఏం పోసినా ఓర్చుకునేది. ఈ కొంగ ఓర్చుకోలేదు. నూనె ఆరి పనస జిగురులా పట్టుకుంది. దారిలోని ఎర్ర ఇసుక ఆ జిగురులో కూరుకుని ఆకురాయి పని చేసింది. రోజూ తాగించమన్నాడు కదా, వాళ్ళు రోజూ తాగించారు. ఇంట్లో పిల్లల కూరలో తగ్గించి మరీ తాగించారు.

ఇంటికి వచ్చి నూనె సీసా చూశాడు. మూతి చుట్టూ అదే పెచ్చు. ముప్ఫై ఏళ్ళుగా రోజూ చూస్తున్న సీసా అది.

అతని తల్లి గడపలో కూర్చుని చోళ్ళు చెరుగుతోంది. కొడుకు ముఖం చూసి ఏటయిందని అడిగింది. గాసి దాచలేదు. "అయ్య మాట తప్పయిపోనాదే అమ్మా" అన్నాడు. ముసలమ్మ చేట ఆపింది.

"మీ అయ్య గొడ్డలికి సెప్పినాడు. నీ కొంగని మీ అయ్య సూసినాడేటి? ఇనుము మారితే దాని తిండి మారదేటిరా?"

అని, మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది.

సంత రోజున దేవీప్రసాద్ బండితో వచ్చాడు. ఆరుగురు ఆడవాళ్ళూ వచ్చారు. సంతకు వచ్చిన జనం ఎటూ ఉన్నారు, తమాషా ఉంటే కదలరు. దేవీప్రసాద్ అరిగిన చక్రాలను చేతిలోకి తీసుకుని తల ఆడించాడు.

"మీ తప్పేం లేదు గాసి గారూ. ఈ సామాను ఈ కొండలకి ఆగదు. అదే రాసేస్తాను."

ఎంత మంచి మాట అనుకున్నాడు గాసి. నోరు మూసుకుంటే చాలు. సైకిళ్ళు బండెక్కుతాయి, తప్పు కొండ మీద పడుతుంది, తన పేరు పనస చెట్టు కింద చల్లగా ఉంటుంది. ప్రసన్న తనంతట తాను నోరు విప్పదు. పక్కకు చూస్తే కనక కాటా సంచీని ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తోంది. ఆ సంచీని చూశాక గాసి వల్ల కాలేదు.

"అలగ రాయొద్దు బాబూ" అన్నాడు. "కొంగ తప్పు కాదు. మా మట్టి తప్పూ కాదు. తప్పు నాది. వలిసె నూనె పొయ్యమని నానే సెప్పినాను. అది జిగురైపోయి పళ్ళని తినేసినాది. పొయ్యని సైకిలు అదిగో, సూడండి."

దేవీప్రసాద్ వెళ్ళి ప్రసన్న సైకిలు ముందు గొంతుకూర్చుని చాలాసేపు చూశాడు. ముందు తేరుకున్నది కనకే.

"పది నెల్లు! పది నెల్లు మా సేత కొంగకి జిగురు తాగించినావా మావా? నా పిల్లలకి ఉత్త పులుసు పోసి, దీనికి నూనె పోసినాను గదా!"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకి, చివరికి తిట్టిన కనకకూ అంటుకుంది. గాసి మాత్రం నవ్వలేదు. అతని కళ్ళు తడిశాయి, దాచుకోవాలనీ అనిపించలేదు.

దేవీప్రసాద్ బండిలోంచి కొత్త చక్రాల పొట్లం తీశాడు. "ఇంకో వానాకాలం చూద్దాం" అన్నాడు. ఆ పూటే గాసి కిరసనాయిలుతో కీళ్ళు కడిగి, చక్రాలు మార్చి, కుట్టుమిషను నూనె చుక్కలు లెక్కగా వేసి, ముందుగా కనక సైకిలు ఇచ్చాడు. ఆమె అటునుంచి అటే పై గూడెం పోయింది.

మరో వానాకాలం వచ్చింది, గడిచింది. దేవీప్రసాద్ కొలత బద్దతో వచ్చి పళ్ళు కొలిచాడు. ఆరు కొంగలకూ అరుగుదల ఉండాల్సినంతే ఉంది. సోని కొడుకు ఇప్పుడు కాటాలో ఇమడడు, నిలబడి కనక సైకిలు గంట కొడతాడు.

మొన్న ఇంకో పద్నాలుగు సైకిళ్ళు వచ్చాయి. కొత్త ఆశాలు పనస చెట్టు కింద వరసగా నిలబడ్డారు. వాళ్ళలో ఒకావిడ, సాయిదుర్గ, పెద్దాయన కదా అని చేతులు కట్టుకుని, "మీ సెయ్యి పడితే ఇనుము మాటింటాదంట కదా బాబాయ్?" అంది.

గాసి టైరు పక్కన దారానికి వేలాడుతున్న చిన్న చక్రాన్ని విప్పాడు. కనక పాత కొంగలోది, ముళ్ళు తేలినది. దాన్ని ఆమె అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

"గట్టిగా నొక్కి సూడు. గుచ్చుకుంటందా? అది నానిచ్చిన సలహా తల్లీ. ముందు అది ఇనండి, తరవాత కొంగ సంగతి సెప్తాను."