పెట్టెతో కలిపి ఎంత?

సిద్దిపేట పాత బస్టాండు వెనక సందులో నా ఫోటో స్టూడియో. దాన్ని ఆనుకునే రాజనర్సు టికెట్ల దుకాణం. గల్ఫ్‌కు పోయేవాళ్లు ముందు నా దగ్గర తెల్లగుడ్డ ముందు కూర్చుని పాస్‌పోర్టు ఫోటో దిగుతారు. రోజులు గడిచి వీసా వచ్చాక అతని దగ్గరికి పోయి టికెట్ అడుగుతారు. రెండు దుకాణాల మధ్య ఉన్నది పలుచని ప్లైవుడ్ గోడ. అందుకే పన్నెండేళ్లుగా రాజనర్సు మాట్లాడే ప్రతి మాటా నా చెవిన పడుతూనే ఉంది.

దుబాయికి టికెట్ ఎంత అని అడిగితే అతను ధర చెప్పడు. "పెట్టె ఎన్ని కిలోలుంటది?" అని ఎదురడుగుతాడు. తర్వాత తెల్లకాగితం తీసుకుని టికెట్ ఇంత, పెట్టెకు ఇంత, సీటుకు ఇంత, తారీఖు మార్చుకుంటే ఇంత, పోకుండా ఆగిపోతే ఇంత పోతుంది, ఇందులో నా కమీషన్ ఇంత అని రాసి, కింద గీత గీసి మొత్తం వేస్తాడు. చదువు రానివాళ్లకు నెమ్మదిగా చదివి వినిపిస్తాడు. "ఇప్పుడు చెప్పు, తియ్యాల్నా?" అంటాడు చివరికి.

ఈ పద్ధతి వల్ల బేరాలు చాలా పోయేవి. ఎదురు వరసలో భూపతి దుకాణం ఉంది. అక్కడ ఒక్క టికెట్ ధర మాత్రమే చెప్పేవాళ్లు. రాజనర్సు కాగితం మీది మొత్తం చూసి జనం లేచి రోడ్డు దాటి అటు పోయేవారు. భూపతి చెడ్డవాడేం కాదు. అడిగితే చెప్పేవాడు, అడగకపోతే ఊరుకునేవాడు.

ఉండబట్టలేక ఒకరోజు నేనే అడిగాను. "నర్సన్నా, నువ్వు గూడ ముందు తక్కువ చెప్పి, తర్వాత మెల్లగ చెప్పరాదు?"

అతను చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నీకు మిషిన్ ముచ్చట చెప్పలేదు గదా తమ్మీ" అన్నాడు.

రాజనర్సు వాళ్ల నాయిన మగ్గం మీద గొల్లభామ చీరలు నేసేవాడు. కొడుకు నాటికి ఆ పనిలో ఇల్లు గడవడం కష్టమైంది. పదిహేడేళ్లకు భివండీ పోయి మరమగ్గాల మీద పనిచేశాడు, అక్కడి నుంచి షార్జా పోయాడు. నాలుగేళ్లు ఇంటి ముఖం చూడలేదు. ఇంట్లో భార్య జమున జాకెట్లు కుట్టేది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె కోసం కరెంటుతో నడిచే కుట్టుమిషన్ కొన్నాడు. అట్టపెట్టెకు తాడు కట్టి, మీద స్కెచ్ పెన్నుతో ఆమె పేరు రాసుకున్నాడు.

విమానాశ్రయంలో కౌంటర్ దగ్గరి అమ్మాయి టికెట్ చూసి, దీనిలో చేతిసంచికి తప్ప పెట్టెకు చోటు లేదంది. తీసుకుపోవాలంటే ఆమె అడిగిన డబ్బు మిషన్ కొన్న ధరకంటే ఎక్కువ. టికెట్ అమ్మినవాడు ఆ ముక్క చెప్పలేదు. వెనక వరస పెరుగుతోంది. పక్కన నేల తుడుస్తున్న మనిషిది జగిత్యాల అని మాటల్లో తెలిసింది. రాజనర్సు మిషన్ అతని చేతిలో పెట్టి, "ఎవ్వరికన్న పనికొస్తె ఇయ్యన్నా" అని చెప్పి విమానం ఎక్కాడు.

"ఇంటికొచ్చినంక తిడ్తదనుకున్న" అన్నాడు నాతో. "తిట్టలే. 'వాళ్లు గీ ముచ్చట టికెట్ అమ్మంగనే ఎందుకు చెప్పలే?' అని ఒక్కటే అడిగింది. దుకాణం పెట్టిననాడు అనుకున్న, నా తాన కొన్నోడు కౌంటర్ కాడ గట్ల నిలవడొద్దని."

ఆ తర్వాత నేను ఆ సలహా మళ్లీ ఇవ్వలేదు.

మూడేళ్ల కిందట కోహెడ నుంచి కొండవ్వ వచ్చింది. అరవై దాటిన మనిషి, రెండెకరాల్లో పత్తి వేస్తుంది. కూతురు సంధ్య భర్తతో మస్కట్‌లో ఉంటుంది. ఆమెకు నెలలు నిండుతున్నాయి. పురుడు పోయడానికి కొండవ్వ మొదటిసారి విమానం ఎక్కబోతోంది. టికెట్ కొడుకు వెంకటేశ్ ఫోన్‌లోనే తీశాడు. ఆ రోజు తల్లీకొడుకులు వచ్చింది దాన్ని కాగితం మీద ప్రింటు తీయించుకోవడానికి.

రాజనర్సు ప్రింటు తీసి, అలవాటు ప్రకారం కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు.

"అవ్వా, ఏమేం తీస్కపోతున్నవ్?"

"ఏమున్నది బిడ్డా, బాలింతకు కాయం, తైద పిండి, శొంఠి. పసిపోరికి పరువనీకి నా మెత్తటి పాత చీరలు నాలుగు. అన్ని గలిపి పద్దెనిమిది కిలోలైనయి."

"ఈ టికెట్ల పెట్టెకు చోటు లేదు అవ్వా. చేతిసంచి ఏడు కిలోలే."

వెంకటేశ్ ముఖం పాలిపోయింది. రాజనర్సు అతన్ని పక్కన కూర్చోబెట్టి అప్పటికప్పుడే ఆన్‌లైన్‌లో పెట్టెకు డబ్బు కట్టించాడు. విమానాశ్రయంలో కడితే దాదాపు రెట్టింపయ్యేది. ఆ పని చేస్తూనే ప్రింటు మళ్లీ చూశాడు. వెంకటేశ్ మొదట చూసిన ధర ఎనిమిది వేల రెండు వందలు, కట్టింది పదివేల ఏడు వందలు. బీమా, సీటు, కన్వీనియెన్స్ ఫీజు అని వరసగా ఉన్నాయి.

"ఇవన్ని నువ్వు కావాలన్నవా?"

"లేదన్నా. నేనేం ఒత్తలే. అవే వచ్చినయి."

కొండవ్వ ముందుకు వంగింది. "కన్వీనియెన్స్ అంటె ఏంది కొడుకా?"

"సౌలత్ అవ్వా, వీలు అన్నట్టు."

"ఎవ్వలకు సౌలత్?"

రాజనర్సు నవ్వాడు. ఆమె నవ్వలేదు. "పత్తి అమ్మవోతె హమాలీకి ఇంత, తరుగుకు ఇంత అని తూకం కాన్నే చెప్తరు. నచ్చకపోతె బండి మర్లేస్కొని వస్తం. గాలిలకెక్కినంక మర్లేస్కుంటమా?"

ప్లైవుడ్ గోడ ఇవతల నేను పని ఆపి వింటున్నాను. రాజనర్సు గొంతు వినబడింది. "అవ్వా, నువ్వు వొయ్యిరా. వచ్చినంక వీళ్ల మీద ఫిర్యాదు చేద్దాం. చేస్తవా?"

"చేస్త."

ఆమె మాటకు కట్టుబడే మనిషి. మూడు నెలలు మస్కట్‌లో ఉండి, మనవరాలికి నీళ్లు పోసి, తిరిగి వచ్చిన నాలుగో రోజున కోహెడ బస్సు దిగి నేరుగా దుకాణానికి వచ్చింది. ఈలోగా రాజనర్సు ఊరుకోలేదు. ఆ టికెట్ అమ్మిన వెబ్‌సైటు కంపెనీకి మూడు ఉత్తరాలు రాశాడు. మూడింటికీ ఒకే జవాబు వచ్చింది, మీ అభిప్రాయం మాకు విలువైనదని.

ఒక మధ్యాహ్నం వెంకటేశ్‌ను పిలిచి, అదే సైటులో టికెట్ మళ్లీ కొంటున్నట్టే పేజీ పేజీ తెరిపించాడు, డబ్బు కట్టే ముందు ఆపాడు. ప్రతి పేజీనీ నేను ఫోటో తీశాను. బీమా ముందున్న గడిలో ఎవరూ ఒత్తకముందే టిక్కు పడి ఉంది. పెట్టె లేదన్న మాట అయిదో పేజీ అడుగున, చీమ తలంత అక్షరాల్లో ఉంది. పెళ్లి ఆల్బముల కోసం దాచిన పెద్ద కాగితం మీద తొమ్మిది ఫోటోలూ ప్రింటు వేసి ఇచ్చాను. నా చేతుల మీదుగా ఎందరి ముఖాలో వచ్చాయి గానీ, ఒక మోసం ముఖం తీయడం అదే మొదలు.

జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వకీలు లేకుండానే ఫిర్యాదు వేశారు. ఏడాదిలో నాలుగు వాయిదాలు పడ్డాయి. నాలుగు సార్లూ రాజనర్సు దుకాణానికి తాళం వేసి కొండవ్వను వెంటబెట్టుకుని పోయాడు. చివరి వాయిదాకు నేనూ వెళ్లాను. కంపెనీ వకీలు లేచి, అన్ని షరతులూ సైటులో ఉన్నాయనీ, కొనుగోలుదారు అంగీకరించాకే టికెట్ ఇచ్చారనీ చెప్పాడు. కమిషన్ అధ్యక్షురాలు కొండవ్వను ఏమైనా చెబుతావా అని అడిగింది.

"తీస్కున్నదానికి పైసలు ఇయ్యనన్ననా మేడం? ముందు చెప్పుమన్న. ముందు చెప్తె నాకేం కావాల్నో నేనే చెప్తుంటి గదా" అంది కొండవ్వ.

ఉత్తర్వు రావడానికి మరో నెల పట్టింది. అడగకుండా అంటగట్టిన బీమా డబ్బూ, సీటు డబ్బూ తిరిగి ఇవ్వాలనీ, ఖర్చుల కింద మరో అయిదు వేలు కట్టాలనీ రాశారు. పెట్టె విషయంలో మాత్రం కంపెనీదే పైచేయి అయింది. అక్షరాలు చిన్నవైనా సమాచారం ఉంది కాబట్టి ఆ డబ్బు తిరిగి రాదన్నారు. అలాంటి మాట ధర పక్కనే కనబడేలా ఉండడం మంచిదని ఒక్క వాక్యం చేర్చారు, అంతే.

రాజనర్సు ఆ రోజంతా దిగులుగా ఉన్నాడు. "అసలు ముచ్చటే ఓడిపోయినం తమ్మీ" అన్నాడు. జమున అన్నం గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టి, "ఓడిందానికి ఉపాసం ఉంటవా? గెల్సిందానికి తిను" అంది. అతను తిన్నాడు.

ఆ ముచ్చట సందులో పాకింది. తర్వాతి వారం భూపతి రోడ్డు దాటి వచ్చాడు. కూర్చుని, ఆ మాటా ఈ మాటా మాట్లాడి, చివరికి అడిగాడు.

"నర్సన్నా, నువ్వు రాసే గా కాగితం ఒకటి ఇస్తవా? జిరాక్సు తీస్కుంట."

"ఎందుకే?"

"జనం నా తానకొచ్చి 'పెట్టెతో కలిపి ఎంత' అని అడుగుతున్రు. నేను నోటితోని చెప్తె నమ్ముతలేరు."

రాజనర్సు ఒకటి కాదు, పది కాగితాలు ఇచ్చాడు. ఇప్పుడు సందులో ఇద్దరూ ఒకే తీరుగా రాసిస్తున్నారు. దాంతో రాజనర్సు గిరాకీ గొప్పగా పెరిగిందని చెప్పను. ధర చూసి లేచిపోయేవాళ్లు మాత్రం తగ్గారు, ఎందుకంటే పోయినా ఎదురుగా అదే మొత్తం.

పోయిన నెల కొండవ్వ మళ్లీ వచ్చింది. మనవరాలి పుట్టినరోజుకు మస్కట్ పోవాలి. ఈసారి కొడుకును ఫోన్ ముట్టనివ్వలేదు. రాజనర్సు కాగితం తీసి ఒక్కొక్కటీ రాస్తూ చదివాడు. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆసాంతం వింది.

"సీటు వాళ్లిచ్చిన కాడ కూసుంటె పైసలు లేవు అవ్వా. కిటికీ పక్కకు కావాల్నంటె ఆరు వందలు ఎక్కువైతయి. ఒద్దు లే, రాయను."

"రాయి" అంది కొండవ్వ.

"ఆరు వందలవ్వా!"

"విన్న కొడుకా. పోయినసారి ఇద్దరి నడుమ ఇరికిచ్చిన్రు. ఒక్క మబ్బు గూడ సూడలే. రాయి."

రాజనర్సు రాశాడు.