ఉస్తా వగ్దీ ‘వచ్చు’ అని నొక్కిన రోజు

హాషిమ్ తల్లినని నన్నందరూ ఉమ్మ్ హాషిమ్ అంటారు. కైరోలో డేరాలు కుట్టే మా వీధిలో నేను తొంగిచూడని కొట్టు లేదు. అన్నిటికంటే ఎక్కువ కూర్చున్నది ఉస్తా వగ్దీ కొట్టులో; ఉస్తా అంటే పనిలో ఆరితేరిన మేస్త్రీ. నలభై ఏళ్లుగా డేరా గుడ్డ మీద రంగుల ముక్కలతో నక్షత్రాలు కుట్టినవాడు. అరవై దగ్గరపడేసరికి చెయ్యి వణకడం మొదలైంది. సూదికి గుడ్డ ఆసరా ఉంటుంది కాబట్టి కుట్టు సాగేది. పెన్సిలు పడితే మాత్రం గీత వంకర. కొత్త నమూనా గీయలేక కుమిలిపోయాడు.

అప్పుడు కంప్యూటర్లో ఒక చిన్న ప్రోగ్రాం దొరికింది. బొత్తాలు నొక్కితే నక్షత్రం గీసిపెట్టేది. కాగితం మీద అచ్చు తీసి, గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, గుడ్డ మీద పరిచి బొగ్గుపొడి అద్దితే నమూనా గుడ్డ మీదికి దిగేది. దాన్ని వాడేవాళ్లు నలభైమంది కూడా లేరు. ఇంటర్నెట్‌లో వాళ్లకొక చోటుంది. వగ్దీ అక్కడ తన నక్షత్రాలు పెడితే ఫెజ్ నుంచి, ట్యూనిస్ నుంచి “గురువుగారూ” అని రాసేవాళ్లు. ఆ పిలుపుకి ఆయన పొంగిపోయేవాడు.

ఒక మధ్యాహ్నం వెళ్లేసరికి తెర ముందు గడ్డం గోక్కుంటున్నాడు.

“ఏంటయ్యా ఆ మొహం?”

“మనలో ఎంతమందికి ప్రోగ్రాం రాయడం కూడా వచ్చు అని దాన్ని నడిపేవాళ్లు అడుగుతున్నారు, ఉమ్మ్ హాషిమ్. వచ్చు, రాదు, రెండే గళ్లు.”

“మిగతావాళ్లేమన్నారు?”

“ముప్పైమంది వచ్చన్నారు. రాదన్నవాడు ఒక్కడూ లేడు.”

“మరి నువ్వొక్కడివే బయటపడతావా? మన వీధిలో దారి అడిగితే తెలీదన్నవాణ్ణి ఎప్పుడైనా చూశావా? వచ్చని నొక్కు. ఎవరొచ్చి పరీక్ష పెడతారు?”

నవ్వి నొక్కాడు.

నెల తిరక్కుండా కొత్త ప్రోగ్రాం వచ్చింది. అందులో బొత్తాలు లేవు. అందరూ రాయగలవాళ్లే కాబట్టి ఇక నల్లటి తెర మీద ఆజ్ఞలు టైపు చేసుకోవాలట. వగ్దీ కొన్నాళ్లు పాతదానితో నెట్టుకొచ్చాడు. కంప్యూటర్ చెడిపోయి ఇంకోటి కొన్నాక, అందులో పాతది ఎక్కలేదు.

“నిజం చెప్పేయవయ్యా,” అని పోరాను.

“ఇన్నాళ్లు గురువుగారూ అనిపించుకుని ఇప్పుడు ఏ మొహంతో చెప్పమంటారు?”

ఇంటర్నెట్‌లో ఆ చోటికి వెళ్లడమే మానేశాడు. తండ్రి నాటి నమూనాలు దులిపి, వాటినే మళ్లీ మళ్లీ కుట్టసాగాడు.

రెండేళ్లు చూశాను. ఇక ఆగలేక ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన పేరుతో నేనే రాశాను. నాది ఐదో తరగతి చదువు, ఒక్కో అక్షరం వెతుక్కున్నాను. “నాకు ప్రోగ్రాం రాయడం రాదు, అప్పుడు అబద్ధం చెప్పాను, చెప్పించింది పొరుగావిడ.”

మూడోనాడు జవాబొచ్చింది. “గురువుగారూ, రాదని ఒక్కరు చెప్పినా బొత్తాలు ఉంచేద్దామనే అలా అడిగాం. వాటిని చేసినాయన మమ్మల్ని వదిలి వెళ్లిపోయాడు. మళ్లీ చేసే తీరిక ఎవరికీ లేదు.” దాని కింద మరో నలుగురు రాశారు: మాకూ రాదు, సిగ్గుపడి వచ్చన్నాం.

వగ్దీ రెండుసార్లు చదివాడు.

“ఐదుగురం ఉన్నామన్నమాట,” అన్నాడు.

“నా నోటి మూలానే కదయ్యా.”

“నొక్కిన వేలు నాదే. వదిలెయ్యండి.”

నా వైపు చూడకుండానే తండ్రి నమూనా కాగితం మడత విప్పాడు. ఈసారి ఏ సలహా ఇవ్వకుండా లేచి వచ్చేశాను.